పాత కంప్యూటర్‌ను పారేయకండి, పుదీనా పెట్టి చూడండి!

మన ఆడవాళ్లం పాత వస్తువును అంత తేలిగ్గా పారేయం. చిరిగిన చీరలు బొంతలవుతాయి. కుక్కరు రబ్బరు పోతే రబ్బరే మారుస్తాం గానీ కుక్కరు మార్చం. మరి "ఈ కంప్యూటర్ పనైపోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అని షాపులో అనగానే ఎందుకు తలూపాలి? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఏ ఊరి ఇంట్లో చూసినా దుప్పటి కప్పిన పాత కంప్యూటర్ ఒకటి మూలన కనిపిస్తూనే ఉంటుంది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు ముగిసింది. కంప్యూటర్ ఆగిపోదు గానీ, దొంగ ప్రోగ్రాములు దూరే సందులను ఎప్పటికప్పుడు మూసే పని తగ్గిపోయింది. విండోస్ 11 చాలా పాత యంత్రాలను ఒప్పుకోదు. అంటే చాలాసార్లు చెడింది యంత్రం కాదు, దానిపై మోపే బరువు పెరిగింది. ఆ బరువు తగ్గించే ఉపాయమే లినక్స్.

ఏమిటీ లినక్స్?

1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడు. ప్రపంచంలో ఎందరో చేయి వేసి పెంచారు. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లకూ పునాది ఇదే. ఇందులో చాలా రకాలున్నాయి. పాత యంత్రాలకు తేలికైన వాటిలో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ ఒకటి. మింట్ అంటే మన పుదీనాయే! డబ్బు కట్టక్కర్లేదు. విండోస్ అలవాటున్న వాళ్లకు కొత్తగా అనిపించదు.

కావలసినవి

64 బిట్ కంప్యూటర్, కనీసం 2 జీబీ ర్యామ్ (4 ఉంటే హాయి), హార్డ్ డిస్కులో 20 జీబీ చోటు, 8 జీబీ ఖాళీ పెన్ డ్రైవ్, ఫొటోలు దాచుకోవడానికి వేరే డ్రైవ్, ఇంటర్నెట్ ఉన్న ఇంకో కంప్యూటర్.

చేసే విధానం

1. ముందుగా పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, లెక్కలు వేరే డ్రైవులోకి కాపీ చేసుకోండి. కాపీ అయ్యాయా అని తెరిచి చూడండి. ఇది కాకుండా తర్వాతి మెట్టు ఎక్కొద్దు.

2. రెండో కంప్యూటర్‌లో లినక్స్ మింట్ వారి సొంత వెబ్‌సైటు నుంచే ఫైలు దింపుకోండి. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో పెన్ డ్రైవులోకి ఎక్కించండి. పెన్ డ్రైవులో అంతకుముందున్నవి చెరిగిపోతాయి.

3. పాత కంప్యూటర్‌కు ఆ పెన్ డ్రైవ్ గుచ్చి, ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కండి. కొన్నింటికి ఎఫ్9, కొన్నింటికి ఎస్కేప్ మీట. వచ్చిన పట్టీలో పెన్ డ్రైవును ఎంచుకోండి.

4. ఇప్పుడు లినక్స్ పెన్ డ్రైవు మీదే నడుస్తుంది. మీరు ఇన్‌స్టాల్ నొక్కనంత వరకు మీ పాత విండోస్ అలాగే ఉంటుంది. పులుసులో ఉప్పు చూసినట్టు రుచి చూడండి. వైఫై తగులుకుందా? పాట వినిపిస్తోందా? ప్రింటర్ కదులుతోందా? పెన్ డ్రైవు మీద కాస్త నెమ్మదిగా ఉంటుంది, కంగారు పడకండి.

5. అన్నీ నచ్చితేనే ఇన్‌స్టాల్ గుర్తు నొక్కండి. "ఎరేజ్ డిస్క్" అంటే డిస్కు మొత్తం తుడిచేయడం. "అలాంగ్‌సైడ్" అంటే విండోస్ పక్కనే పెట్టడం. చదివి నొక్కండి.

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ లాంటి చోట చదివే పిల్లలు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే సెలవుల్లో పక్కన కూర్చోబెట్టుకోండి. చేసేది మాత్రం మీరే చేయండి. అప్పుడే వచ్చేస్తుంది.

తెలుగులో రాసుకోవాలంటే

కీబోర్డు సెట్టింగుల్లో ఇండియన్ (తెలుగు) చేర్చుకోండి. ఇది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. పదిహేను రోజులు కూర్చుంటే వేళ్లకు అలవాటవుతుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు తయారుచేసిన పోతన, వేమన అక్షరాలు కూడా ఉచితంగా చేర్చుకోవచ్చు. లిబ్రె ఆఫీసులో తహశీల్దారుకు అర్జీ రాయొచ్చు, నెల పద్దు వేయొచ్చు. కరెంటు బిల్లుకు, పిల్లల పాఠాలకు ఫైర్‌ఫాక్స్ ఉంది.

ఎవరికి కుదరదు?

ఉన్నమాట చెప్పాలిగా. అంగడి లెక్కలు ట్యాలీలో వేసేవాళ్లు, అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు కొట్టేవాళ్లు విండోస్‌ను తీసేయకండి. అవి దాని కోసం చేసినవి.

ఇంకో మాట

మా గండి ఆంజనేయస్వామిని శ్రీరాముడు బాణం మొనతో బండపై గీశాడనీ, చిటికెన వేలు ఒక్కటీ మిగిలిపోయిందనీ, తర్వాత దాన్ని పూర్తి చేయబోతే రక్తం కారిందనీ పెద్దలు చెబుతారు. బాగా నడుస్తున్న లినక్స్‌నూ అలాగే వదిలేయండి. ఎక్కడో కనిపించిన ఆదేశాలను అర్థం కాకుండా కొట్టకండి. అప్‌డేట్లు మాత్రం తప్పక వేయండి. టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టును మొదటిరోజే ఆన్ చేస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు వ్యవస్థను మునుపటి స్థితికి తెచ్చుకోవచ్చు. అది మీ ఫొటోలను కాయదు. వాటి కాపీ విడిగా ఉండాల్సిందే.

పిల్లలకు ఫోనుంది, ఆయనకు లాప్‌టాప్ ఉంది. మూలనున్న ఆ పాత పెట్టె మీదవుతుందంటే ఎవరూ కాదనరు. మీ పేరుతో ఖాతా, మీరు పెట్టుకున్న పాస్‌వర్డు, మీ లెక్కలు, మీ రాతలు. ఈ ఆదివారం దుప్పటి తీసి, దుమ్ము తుడిచి చూడండి.