బేస్ యాంప్‌కి ఏది ఎక్కడ కనెక్ట్ చేయాలి? పిన్ పట్టింది కదా అని పెట్టేయకండి!

టైప్-సి వచ్చాక మనందరికీ ఒక అలవాటైపోయింది. పిన్ పడితే చాలు, ఇక ఆలోచించం. 65 వాట్ల ల్యాప్‌టాప్ ఛార్జర్‌ని ఫోన్‌కి పెట్టినా భయం లేదు. ఎంత వోల్టేజ్ కావాలో ఛార్జర్, ఫోన్ ముందే మాట్లాడుకుంటాయి కాబట్టి.

బేస్ గిటార్ యాంప్ దగ్గర ఈ అలవాటు పనికిరాదు. దానికుండే 6.35 ఎంఎం జాక్ 19వ శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టింది. అవతల ఏం కనెక్ట్ చేశారో దానికి తెలీదు. గిటార్‌కి, హెడ్‌ఫోన్‌కి, చాలా యాంప్‌లలో బయటి స్పీకర్ బాక్స్‌కి కూడా అదే సైజు పిన్. తేడా తెలుసుకోవాల్సింది మనమే.

నేను ఇంట్లో 25 వాట్ల ప్రాక్టీస్ కాంబో వాడుతున్నాను. కాంబో అంటే యాంప్, స్పీకర్ రెండూ ఒకే డబ్బాలో ఉండేది. బేస్, ఫోన్, కీబోర్డ్ మూడూ దీనికే కనెక్ట్ చేస్తాను. ఏది ఎలా పెట్టాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

స్విచ్ వేసే ముందు వెనక లేబుల్ చూడండి

అమెరికాలో ఉన్న అన్నయ్యో, బావో వస్తూ వస్తూ యాంప్ తెచ్చారా? అయితే ఇది మీకు చాలా ముఖ్యం. అక్కడి కరెంట్ 120 వోల్టులు, మనది 230. ఫోన్ ఛార్జర్ మీద 100-240 అని ఉంటుంది కాబట్టి ఎక్కడైనా పనిచేస్తుంది. చాలా యాంప్‌లు అలా కాదు. లేబుల్ మీద 120 మాత్రమే ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. షాపులో దొరికే చిన్న ట్రావెల్ అడాప్టర్ పిన్ ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజ్‌ని కాదు.

బేస్ గిటార్: ముందు గెయిన్, తర్వాతే వాల్యూమ్

యాంప్ ఆఫ్‌లో ఉండగానే కేబుల్ పెట్టండి. మాస్టర్ వాల్యూమ్ సున్నాలో పెట్టి, అప్పుడు ఆన్ చేయండి. బేస్, మిడ్, ట్రెబుల్ నాబ్‌లు మధ్యలో ఉంచండి. ఇప్పుడు మీరు ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా వాయిస్తూ గెయిన్ మెల్లగా పెంచండి. క్లిప్ లైట్ వెలగడం మొదలవగానే కాస్త తగ్గించండి. ఆ తర్వాతే మాస్టర్ పెంచాలి. ఈ వరుస పాటిస్తే సౌండ్ క్లీన్‌గా వస్తుంది.

మీ బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉందా? అది యాక్టివ్ బేస్. దాని సిగ్నల్ సాధారణంగా బలంగా ఉంటుంది. యాంప్ మీద యాక్టివ్ అనే ఇన్‌పుట్ గానీ బటన్ గానీ ఉంటే అది వాడండి. ఇంకో విషయం, ఇలాంటి బేస్‌లలో కేబుల్ పెట్టగానే బ్యాటరీ ఆన్ అవుతుంది. వాయించడం అయిపోయాక కేబుల్ తీసేయకపోతే బ్యాటరీ ఊరికే ఖర్చవుతూనే ఉంటుంది!

ఫోన్: బ్లూటూత్ ఎక్కడ ఓకే, ఎక్కడ కాదు?

ఫోన్‌ని ఆక్స్ ఇన్‌కే పెట్టాలి. గిటార్ ఇన్‌పుట్ సన్నటి సిగ్నల్ కోసం చేసింది. అందులో ఫోన్ పెడితే గెయిన్ తక్కువలోనే సౌండ్ పగిలిపోతుంది. ఫోన్‌కి 3.5 ఎంఎం జాక్ లేకపోతే టైప్-సి డాంగిల్ వాడండి.

యాంప్‌లో బ్లూటూత్ ఉంటే పాట ప్లే చేసి దానితో పాటు వాయించడానికి బాగుంటుంది. పాట మొత్తం ఒకే ఆలస్యంతో వస్తుంది, మీరు విన్నదానికి వాయిస్తారు. కానీ మీ బేస్ సౌండ్‌ని మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో వినాలంటే కుదరదు. ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే. వేలు ఇప్పుడు కదిలితే శబ్దం తర్వాత వస్తుంది, తాళం తప్పుతుంది. ఇక్కడ వైర్ ఉన్న హెడ్‌ఫోనే దిక్కు.

కీబోర్డ్, మామూలు గిటార్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కీబోర్డ్‌కి రెండు అవుట్‌లు ఉంటే ఎల్/మోనో అని రాసినదాన్ని వాడండి, గెయిన్ బాగా తగ్గించండి. యాంప్‌లో ట్వీటర్ లేకపోతే పై స్వరాలు కాస్త మొద్దుగా వినిపిస్తాయి.

మామూలు గిటార్‌కీ ఇబ్బంది లేదు. ఫెండర్ 1952లో బేస్ కోసమే తెచ్చిన బాస్‌మ్యాన్ యాంప్‌ని గిటారిస్టులు సొంతం చేసుకున్నారు. లండన్‌లో జిమ్ మార్షల్ షాపులో తయారైన తొలి మార్షల్ యాంప్‌కి నమూనా కూడా అదే.

రివర్స్‌లో మాత్రం జాగ్రత్త. నాలుగు తీగల బేస్‌లో లావు తీగ దాదాపు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. గిటార్ లావు తీగ 82 దగ్గర. గిటార్ యాంప్‌లో బేస్ పెట్టి వాల్యూమ్ పెంచితే స్పీకర్ కోన్ దెబ్బతినొచ్చు.

స్పీకర్ అవుట్: ఇక్కడే డబ్బులు పోయేది

బయటి స్పీకర్ బాక్స్‌కి గిటార్ కేబుల్ వాడకండి. చూడటానికి రెండూ ఒకటే అయినా గిటార్ కేబుల్ లోపలి తీగ సన్నగా ఉంటుంది, అంత కరెంట్ మోయలేదు. స్పీకర్ కేబుల్ వేరేగా కొనాలి.

ఓమ్స్ లెక్క కూడా చూసుకోండి. 8 ఓమ్స్ బాక్సులు రెండు పారలల్‌గా కలిపితే 4 అవుతుంది, 16 కాదు. యాంప్ మీద కనీసం 8 అని ఉంటే రెండో బాక్స్ వద్దు. వాల్వ్ యాంప్ అయితే స్పీకర్ లేకుండా అస్సలు ఆన్ చేయకూడదు.

గుయ్‌మని హమ్ వస్తోందా?

ల్యాప్‌టాప్ కనెక్ట్ చేసినప్పుడే వస్తుంటే, ముందు దాని ఛార్జర్ తీసి చూడండి. హమ్ ఆగితే అది గ్రౌండ్ లూప్. ఆక్స్ కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెడితే సరిపోతుంది. హమ్ పోతుందని ఎవరైనా యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయమంటే మాత్రం వినకండి. యాంప్‌లో ఫాల్ట్ వస్తే కరెంట్ పోవడానికి ఆ దారే దిక్కు. అది లేకపోతే తీగల మీదున్న మీ చేతుల్లోంచే వెళ్తుంది.

కొత్తగా కొనేవాళ్లు వాట్లు ఒక్కటే చూడకండి. ఇంట్లో ప్రాక్టీస్‌కి ఆక్స్ ఇన్, హెడ్‌ఫోన్ అవుట్ తప్పకుండా ఉండాలి. రేపు స్టేజ్ ఎక్కే ఆలోచన ఉంటే డీఐ అవుట్ కూడా చూసుకోండి. దాని నుంచి నేరుగా సౌండ్ మిక్సర్‌కి లైన్ ఇచ్చేయొచ్చు, పెద్ద యాంప్ మోయక్కర్లేదు.