కిరణ చికిత్స

పూర్వులు రాచపుండనిన క్యాన్సరు వ్యాధికి కిరణములతో చేయు చికిత్సను మన బెజవాడ ప్రాంతమున జనులు “కరెంటు పెట్టుట” యందురు. ఈ పేరు విని జడియువారు పెక్కురు. నిజమునకు రోగి దేహమున విద్యుత్తు ప్రవహింపనే ప్రవహింపదు. 1895లో రాంట్జెను పండితుడు కనుగొనిన ఎక్స్ కిరణములే, మిక్కిలి బలము గలవై, యంత్రమునుండి వెలువడి కణములలోని డీఎన్ఏ అను పోగులను ఛేదించును. ఆరోగ్యముగల కణములు ఆ గాయమును చాలవఱకు మాన్పుకొనును. క్యాన్సరు కణముల కట్టి నేర్పు తక్కువ. కావుననే మోతాదునంతయు నొక్కమాఱుగా నీయక, సాధారణముగా వారమున కైదు దినముల చొప్పున కొన్ని వారములు పంచి యిత్తురు. చర్మము కమిలినదనియో, నొప్పి తగ్గినదనియో నడుమ మానివేసినచో మిగిలిన కణములు మరల వృద్ధి పొందును. ఇంటివారు దీనిని చక్కగా నెఱుంగవలయును.

కిరణములనిచ్చు పదార్థమునే కంతి చెంత నుంచుట మఱియొక పద్ధతి. దీనిని బ్రాకీథెరపీ యందురు. దీపమునకు దూరమైనకొలది వెలుగు తగ్గునట్లు, రెండింతల దూరమున కిరణబలము నాలుగవవంతే యగును; అందుచే చుట్టునున్న యవయవములకు హాని స్వల్పము. గర్భాశయముఖ క్యాన్సరున నిది మిక్కిలి యుపయుక్తము. ఈ విద్యలో పేరుగాంచిన నోరి దత్తాత్రేయుడుగారు మన కృష్ణామండలమువారే. మంటాడలో జన్మించి, కర్నూలు వైద్యకళాశాలలో చదివి, న్యూయార్కునందలి మెమోరియల్ స్లోన్ కెటరింగు ఆసుపత్రిలో బ్రాకీథెరపీ శాఖకు అధిపతియైరి. 2015లో పద్మశ్రీ బిరుదము నందిరి.

రోగిని తాకినచో కిరణములు మనకంటునను భయమొకటి గలదు. బయటి యంత్రముతో చికిత్స పొందినవారి విషయమున నది వట్టి భ్రమ. ఆసుపత్రినుండి వచ్చిన తల్లి ఆ సాయంకాలమే చంటిబిడ్డ నెత్తుకొనవచ్చును.