పై గీత దాటిన ఆయిల్

మిర్చి కోతలు మొదలైతే అచ్చంపేట బండ్లకు తీరిక ఉండదు. క్రోసూరు, సత్తెనపల్లి, గుంటూరు యార్డు... రోజంతా తిరుగుడే. ఆ హడావిడికి ముందు ఆయిల్ మార్పించుకుంటూ, "ఇంకాస్త పొయ్యన్నా, ఎండలకు తట్టుకుంటది" అనేవాళ్లు ఎందరో. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఉన్న పల్నాడులో ఆ భయం సహజమే. కానీ ఆ ఇంకాస్తే ఇంజిన్‌కు చేటు.

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్, దాని పైన నిమిషానికి వేల చుట్లు తిరిగే క్రాంక్ ఉంటాయి. మట్టం బాగా పెరిగితే క్రాంక్ ఆ ఆయిల్‌ను మజ్జిగలా చిలికేస్తుంది. పంపు ఆ నురగనే పైకి తోడుతుంది. నురగకు బేరింగులను కాపాడే బలం లేదు. లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర కారుతుంది. కొంత ఆయిల్ గాలి గొట్టంలోకి చేరి కాలి, నీలిపొగ వస్తుంది. డీజిల్ బండిలో అరుదుగానైనా ఇంకో ప్రమాదం ఉంది: ఇంజిన్ తన ఆయిల్‌నే తాగుతూ, కీ తీసినా ఆగకుండా పరుగెత్తుతుంది.

కొన్ని కార్లు ఆయిల్ ఎక్కువైందని తెర మీదే చెబుతాయి. మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. నూనె డబ్బా బొమ్మతో ఎర్రలైటు ఒక్కటే ఉంటుంది. అది చెప్పేది ఆయిల్ ప్రెషర్ తగ్గిందని. నురగ వల్ల కూడా ప్రెషర్ తగ్గుతుంది. ఆయిల్ చాలలేదనుకుని ఇంకో అరలీటరు పోశారా, జబ్బును పెంచినట్టే. ఎర్రలైటు వెలిగితే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. చదునైన నేల మీద పది నిమిషాలు ఆగి, ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. మట్టం దాని మీది రెండు గీతల మధ్య ఉండాలి. చాలా కార్లలో ఆ గీతల మధ్య తేడా లీటరుకు అటూ ఇటూ.

పొరపాటు ఎక్కువగా డబ్బా దగ్గరే జరుగుతుంది. కారుకు పట్టేది మూడు లీటర్ల పైచిలుకైతే, మూడున్నర లీటర్ల డబ్బా మొత్తం పోసేస్తారు. ఫిల్టర్ మార్చకపోతే అందులో పాత ఆయిల్ ఉండనే ఉంటుంది.

ఎవరూ పోయకుండానే మట్టం పెరిగే బండ్లూ ఉన్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్‌-6 డీజిల్ కార్లలో పొగమసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసిని కాల్చడానికి చాలా ఇంజిన్లు అదనంగా డీజిల్ చిమ్ముతాయి. ఊళ్లోనే తిప్పి ఆపేస్తుంటే ఆ పని సగంలో ఆగి, కాలని డీజిల్ ఛాంబర్‌లోకి దిగుతుంది. స్టిక్ మీద డీజిల్ వాసన వస్తే కొంత తీసేస్తే చాలదు, ఆయిల్ మొత్తం మార్చాలి. పాలలా తెల్లబడితే కూలెంట్ కలిసిందేమో చూపించాలి.

పై గీతను కొద్దిగా దాటితే కంగారు వద్దు. అరలీటరు, లీటరు ఎక్కువైతే మాత్రం స్టార్ట్ చేయొద్దు. మెకానిక్‌ను బండి దగ్గరికే పిలిపించండి. డిప్‌స్టిక్ గొట్టంలోంచి పంపుతో లాగవచ్చు, అడుగు నట్టు వదులు చేసి దించవచ్చు. దించిన కాలిన ఆయిల్ చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. కాలవలో, చేలగట్టున పారబోయకండి, డబ్బాలో పట్టి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.

ఈసారి ఆయిల్ మార్పించాక, డబ్బులిచ్చే ముందు డిప్‌స్టిక్ మీరే తీసి చూడండి.