మధుమేహము - పాదరక్షణము

మూత్రమునకుఁ జీమలు పట్టుటను బట్టి మన పూర్వవైద్యులు మధుమేహము నానవాలు పట్టిరి. కాని యా వ్యాధి చేయు పెద్దకీడు రక్తనాళములందును, నరములందును గలదు. రక్తమునఁ జక్కెర యేండ్ల తరబడి మితిమీరి యున్నచో సన్నని నాళములు చెడును. కంటిలోనివి చెడిన చూపు తగ్గును. మూత్రపిండములలోనివి చెడిన మాలిన్యము వడియదు. పెద్ద నాళములు పూడిన గుండెపోటు, పక్షవాతము సంభవించును.

పల్లెవారి నెక్కువగా మోసగించునది పాదము. నరములు మొద్దువాఱుటచే గాయమైనను నొప్పి తెలియదు. రక్తప్రసారము తగ్గుటచేఁ బుండు మానదు. నా బాల్యమిత్రుఁ డొకఁడు అరికాలఁ దుమ్మముల్లు విఱిగి యుండఁగనే పదిదినములు పొలము దున్నెను. చాపమీఁది నెత్తుటిమరకను జూచి భార్య చెప్పువఱకు నాతఁ డెఱుఁగఁడు. అప్పటికే చీము ఎముక నంటెను. మోకాలి క్రిందికిఁ గాలు తీసివేసిరి. నొప్పి దేహమునకుఁ గావలివాఁడు. కావలి లేని యింట దొంగ నిర్భయముగాఁ జొచ్చును.

కావున ప్రతిరాత్రియు నరికాళ్లను, వ్రేళ్లసందులను బరీక్షించుకొనుఁడు. చూపానని వారు మనుమలచేఁ జూపించుకొనుఁడు. పొలమునకైనను జెప్పులు లేక పోవలదు; తొడుగుటకు ముందు వానిని దులుపుఁడు. కాళ్లను నిప్పుసెగను గాఁచుకొనవలదు. ఆనెలను గత్తితోఁ గోయవలదు. పుండు చిన్నదైనను బసరులతోఁ గాలము గడపక వైద్యునిఁ జేరుఁడు.

మూఁడునెలల సగటును దెలుపు చక్కెర పరీక్ష పెక్కుమందికి 7 శాతమునకు లోఁబడి యుండుట మేలు. వృద్ధులకుఁ దగిన మితిని వైద్యుఁడు నిర్ణయించును. రక్తపుపోటును గూడ నదుపున నుంచుకొని, పొగ మానుఁడు. ఏఁటికొకమాఱు కన్నులను, మూత్రమును బరీక్షింపించుకొనుఁడు. బాధ లేదని మందు మానవలదు. నా మిత్రునకును బాధ లేకుండెను.