కూల్చేద్దామనుకున్న వీధిలో తోట

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో గ్రాన్‌బీ స్ట్రీట్ ఒకప్పుడు దుకాణాలతో, దేశదేశాల నుంచి వచ్చి స్థిరపడ్డ జనంతో కళకళలాడేది. 1981లో అక్కడ జరిగిన అల్లర్ల తర్వాత ఆ పేట చితికిపోయింది. ఇళ్ళు ఖాళీ అయ్యాయి, కిటికీలకు చెక్కలు పడ్డాయి, ఒక్కో వీధీ నేలమట్టమైంది. పాత వరస ఇళ్ళతో చివరికి మిగిలినవి నాలుగే వీధులు.

అక్కడున్న కొద్దిమందీ, ముఖ్యంగా ఆడవాళ్ళు, చేతులు ముడుచుకు కూర్చోలేదు. వీధులు ఊడ్చారు. కుండీల్లో మొక్కలు నాటారు. మూసేసిన కిటికీల మీద రంగురంగుల బొమ్మలు వేశారు. నెలనెలా సంత పెట్టారు. నిజానికి పేటకు మళ్ళీ ప్రాణం పోసింది ఈ పనే. నిధులు, నిపుణులు వచ్చింది ఆ తర్వాతే.

2011లో వాళ్ళంతా కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టుగా ఏర్పడ్డారు. ఇళ్ళు బాగుపడ్డాక ధరలు పెరిగి స్థానికులే వెళ్ళిపోవాల్సి రాకుండా చూడటం దాని పని. ఏ పేట బాగుకైనా ఇదే అసలు పరీక్ష.

అసెంబుల్ అనే యువ డిజైనర్ల బృందం సాయంతో, ఆ నాలుగు వీధుల్లో ఒకటైన కెయిర్న్స్ స్ట్రీట్‌లో 10 పాడుబడ్డ ఇళ్ళు మళ్ళీ కాపురాలకు సిద్ధమయ్యాయి. కూలిన కట్టడాల ఇటుక ముక్కలు, రాళ్ళు కలిపి పోతపోసి, నున్నగా మెరుగుపెట్టి చలిమంట గూళ్ళకు చట్రాలు చేశారు. దగ్గర్నుంచి చూస్తే ఆ ముక్కలు రంగురంగుల మచ్చల్లా కనిపిస్తాయి. కళాకారులకిచ్చే టర్నర్ ప్రైజ్ 2015లో ఈ బృందానికి దక్కింది.

లోపలి అంతస్తులు కూలిపోయిన రెండు ఇళ్ళను మాత్రం మళ్ళీ కాపురాలకు సిద్ధం చేయలేదు. అద్దాల కప్పు వేసి, లోపల చెట్లు పెంచారు. 2019లో తెరిచిన ఆ వింటర్ గార్డెన్‌లో ఇప్పుడు ఇరుగుపొరుగులు కలుసుకుంటున్నారు.