కంప్యూటర్‌కు కాపలా: ఉన్నది చాలా, కొత్తది కొనాలా?

కొత్త ల్యాప్‌టాప్ ఇంటికొచ్చిన కొన్ని వారాలకు తెర మూలన ఒక పెట్టె తెరుచుకుంటుంది. మీ రక్షణ గడువు ముగియబోతోందని ఎర్ర అక్షరాల్లో హెచ్చరిస్తుంది. తయారీ కంపెనీ ముందుగానే వేసి పంపిన యాంటీవైరస్ ట్రయల్ అది. డబ్బు కట్టకపోతే కంప్యూటర్‌కు దిక్కుండదేమోనని చాలామంది కార్డు నంబరు ఇచ్చేస్తారు. నిజానికి ఆ ట్రయల్‌ను తీసేస్తే, అప్పటిదాకా పక్కకు తప్పుకున్న మైక్రోసాఫ్ట్ డిఫెండర్ దానంతటదే మళ్లీ పనిలోకి దిగుతుంది. విండోస్‌తోపాటే వచ్చే ఈ కాపలాకు విడిగా రుసుము లేదు.

మరి అది సరిపోతుందా? సరిపోదన్న మాట ఊరికే పుట్టలేదు. ఐబీఎం పీసీలకు సోకిన తొలి వైరస్‌గా పేరుపడ్డ 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లోని ఇద్దరు అన్నదమ్ముల చేతుల్లో పుట్టింది, ఫ్లాపీల మీద దేశాలు తిరిగింది. అప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లకు చెప్పుకోదగ్గ రక్షణ ఏదీ లేదు. ఆ ఖాళీలోనే యాంటీవైరస్ వ్యాపారం పెరిగింది. మైక్రోసాఫ్ట్ చాలా ఆలస్యంగా, 2012లో వచ్చిన విండోస్ 8తో గానీ పూర్తిస్థాయి యాంటీవైరస్‌ను సిస్టమ్‌లో కలపలేదు. అదే ఏడాది చివర్లో, ఆ కంపెనీ ఉచితంగా ఇచ్చిన సెక్యూరిటీ ఎసెన్షియల్స్ జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ పరీక్షలో సర్టిఫికెట్ కోల్పోయింది. 'విండోస్‌తో వచ్చేది దండగ' అన్న సలహా ఆ రోజులది. గత కొన్నేళ్లుగా అదే సంస్థ పరీక్షల్లో డిఫెండర్ 18కి 18, లేదా దానికి దగ్గరగా మార్కులు తెచ్చుకుంటోంది. సలహా మాత్రం పాతదే నడుస్తోంది.

యాంటీవైరస్ ఏదైనా పనిచేసే తీరు దాదాపు ఒకటే. తెలిసిన వైరస్‌ల వేలిముద్రల పట్టికతో ప్రతి ఫైలునూ పోల్చుతుంది. పట్టికలో లేని కొత్త ఫైలైతే దాని ప్రవర్తన గమనిస్తుంది. ఒక ప్రోగ్రామ్ నిమిషంలో వందల ఫొటోలను తెరిచి తాళాలు వేస్తోందంటే అది మామూలు పని కాదు కదా! అప్పటికీ అనుమానం తీరకపోతే ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌ను అడుగుతుంది. డిఫెండర్ బలంలో పెద్ద పాలు ఈ మూడో మెట్టుదే. బలహీనత కూడా అక్కడే ఉంది. నెట్ లేనప్పుడు దాని పట్టు సడలుతుందని ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ పరీక్షలు పదేపదే చూపాయి. పెన్‌డ్రైవ్‌లు చేతులు మారుతూ, నెట్ అప్పుడప్పుడే వచ్చే జిరాక్స్ షాపు, పల్లె బడి కంప్యూటర్‌లకు ఇది చిన్న విషయం కాదు. అలాంటి చోట నెట్ లేకున్నా గట్టిగా పట్టే మంచి యాంటీవైరస్ కొనడం సబబే.

అట్ట మీద రాసిన 'ఇంత శాతం పట్టేస్తుంది' అన్న అంకెతో మాత్రం తూచకూడదు. ఒక కంప్యూటర్‌లో 2 లక్షల ఫైళ్లున్నాయి, వాటిలో చెడ్డవి రెండే అనుకుందాం. పదివేల మంచి ఫైళ్లకు ఒక్కదాన్నే పొరబడే సాఫ్ట్‌వేర్ కూడా 20 మంచి ఫైళ్లను దొంగలంటుంది. మోగిన 22 గంటల్లో 20 ఉత్తివే. నాలుగుసార్లు ఉత్తుత్తి గంట విన్నవాడు ఐదోసారి లేచి చూడడు. పరీక్షా సంస్థలు తప్పుడు హెచ్చరికలనూ లెక్కపెట్టేది అందుకే.

రెండూ ఉంచుకుంటే రెట్టింపు రక్షణ కదా అని కొందరు అనుకుంటారు. కాదు. ఫైలు తెరుచుకునే ముందు ఆపి చూడటం యాంటీవైరస్ పని. ఇద్దరు కాపలాదార్లు ఒకే గుమ్మంలో నిలబడి ఒకే సంచీని లాక్కుంటే మనిషి లోపలికి వెళ్లేదెప్పుడు? బయటి యాంటీవైరస్ రాగానే డిఫెండర్ తప్పుకునేది ఈ గొడవ లేకుండా ఉండటానికే.

బయటివాడికి ఇంటి తాళాలన్నీ ఇస్తున్నామన్న సంగతి కూడా గుర్తుండాలి. వాడుకరుల బ్రౌజింగ్ వివరాలను అమ్ముకుందన్న అభియోగంపై అవాస్ట్ 1.65 కోట్ల డాలర్లు కట్టాలని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రకటించింది. అదే ఏడాది జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలబడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరి ఫోన్‌లలో తిరిగిన రోజది. అది సంస్థలు వాడే సాఫ్ట్‌వేరే అయినా, సిస్టమ్ లోతుల్లో కూర్చునే కాపలాదారు పొరబడితే ఏమవుతుందో చూపింది.

అసలు నష్టాలు ఎక్కువగా ఈ ఎంపికకు అవతలే జరుగుతున్నాయి. 2017 మే 12న మొదలైన వన్నాక్రై, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్‌లలో కొన్నింటికీ సోకింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్ వైరస్ పట్టికలు ఆ తర్వాతా వస్తాయి గానీ, గోడకు పడ్డ కన్నాలను అవి పూడ్చవు. ఏ కంపెనీ యాంటీవైరస్ కొన్నా అంతే. ఇక దొంగ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే 'క్రాక్' ఫైలు సంగతి సరేసరి, ముందు యాంటీవైరస్‌ను ఆపేయమని అదే చెబుతుంది. ఓటీపీ అడిగే ఫోన్ కాల్‌కైతే యాంటీవైరస్‌తో పనే లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

నెట్ ఎప్పుడూ ఉండి, అసలు విండోస్ వాడుతూ, అప్‌డేట్‌లు వేసుకునే ఇంటికి డిఫెండర్ చాలు. పిల్లల వాడకంపై నియంత్రణ, నాలుగైదు పరికరాలకు ఒకే లైసెన్సు, పిలిస్తే వచ్చే స్థానిక డీలర్ కావాలంటే క్విక్ హీల్, కే7 వంటి దేశీయ కంపెనీలవి ఉన్నాయి. కొనేముందు రెండో ఏడాది ధర ఎంతో, డబ్బు ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుందో చూసుకోవాలి.

డిఫెండర్‌తోనే ఉండేవారు ఒక పని చేయాలి. విండోస్ సెక్యూరిటీలో 'రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్' కింద 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అనే మీట మామూలుగా ఆపేసి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రామ్‌లు మన డాక్యుమెంట్‌లను, ఫొటోలను మార్చలేవు. మొదట్లో మంచి ప్రోగ్రామ్‌లనూ ఒకటి రెండిటిని ఆపుతుంది, వాటికి విడిగా అనుమతి ఇవ్వాలి. ఇంకో కాపీ మాత్రం కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టే హార్డ్‌డిస్క్‌లో ఉండాల్సిందే.

కాపలా మెలకువగా ఉందో లేదో తెలుసుకోవడానికీ ఓ దారి ఉంది. ఐకార్ అనే ఐరోపా సంస్థ తన వెబ్‌సైట్‌లో 68 అక్షరాల ఒక పరీక్ష ఫైలును ఉంచింది. అందులో హాని ఏమీ లేదు, కానీ దాన్ని చూడగానే వైరస్‌లా పట్టుకోవాలని యాంటీవైరస్ కంపెనీల మధ్య ఒప్పందం. దాన్ని డౌన్‌లోడ్ చేసినప్పుడు హెచ్చరిక ఏదీ రాకపోతే, డిఫెండర్‌ను ఎవరు, ఎప్పుడు ఆపేశారో వెతకాలి.