ప్రాణం ఉంది... కరెంటే లేదు!

సినిమా ఫ్లాపయితే ఏం చేస్తారు? ప్రింట్లు డబ్బాల్లో సర్ది గోడౌన్లో ఓ మూల పడేస్తారు. అంతేగాని లారీలకెత్తి, ఎడారిలో గొయ్యి తీసి పాతిపెట్టిన ఘనులెవరైనా ఉన్నారా? ఉన్నారు! అమెరికాలో అటారీ కంపెనీ వారు.

1982లో స్పీల్‌బర్గ్ తీసిన ‘ఈ.టీ.’ ప్రపంచమంతా కాసులు కురిపించింది. ఆ వేడి చల్లారకముందే అదే పేరుతో అటారీ ఒక వీడియో గేమ్ తయారు చేయించింది. హోవార్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామరు సుమారు ఐదు వారాల్లో పని ముగించాడు. క్రిస్మస్ బేరం అందుకోవాలి గదా మరి! ఫలితం... అట్టర్ ఫ్లాప్! 1983 సెప్టెంబరులో, అమ్ముడుపోని ఈ గేమ్ క్యాసెట్లను మరికొన్ని గేముల సరుకుతో కలిపి న్యూమెక్సికో రాష్ట్రంలో అలమగోర్డో అనే ఊరి చెత్తగుంటలో పూడ్చేశారు.

కథ అంతటితో అయిపోలేదు. 2014 ఏప్రిల్‌లో అదే గుంటను తవ్వి ఆ క్యాసెట్లను బయటికి తీశారు. జనం గుమిగూడి చూశారు. వాటిలో ఒకటి ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో కొలువుదీరింది!

పనికిరాదని పారేసేముందు మరోసారి చూడమనే నీతి ఇందులో ఉంది. అయితే నేను చెప్పబోయేది క్యాసెట్ కథ కాదు, దాన్ని ఆడించే పెట్టె కథ. ‘చచ్చింది, పారెయ్’ అనిపించుకున్న పాత వీడియో గేముల్లో చాలావాటికి జబ్బు ప్రాణంలో ఉండదు. ప్రాణానికి అందాల్సిన కరెంటులో ఉంటుంది.

హీరోగారి పరిచయం

పేరు అటారీ 2600. పుట్టింది 1977 సెప్టెంబరులో. అప్పటి పేరు ‘వీడియో కంప్యూటర్ సిస్టమ్’. 1982లో గాని ఈ 2600 అంకె తగిలించలేదు. సినిమావాళ్ళతో చుట్టరికం కూడా ఉందండోయ్! అంతకు ముందు సంవత్సరమే, అంటే 1976లో, సినిమా సంస్థ వార్నర్ వారు అటారీని 2 కోట్ల 80 లక్షల డాలర్లకు కొనేశారు.

నల్లటి ఒళ్ళు, ముఖానికి చెక్క రంగు పట్టీ, పైన వెండి మీటలు... చూడ్డానికి పాతకాలం రేడియోలా గంభీరంగా ఉంటుంది. లోపల ముఖ్యమైన చిప్పులు మూడే మూడు. జ్ఞాపకశక్తి 128 బైట్లు. అంటే మీరు చదువుతున్న ఈ పేరా కూడా అందులో పట్టదు! ఆ మూడింటిలో ‘టీఐఏ’ అనేది అసలు కళాకారుడు. బొమ్మా, ధ్వనీ రెండూ దాని పనే. అటారీ కోసమే ప్రత్యేకంగా చేసిన చిప్పు అది. కొత్తవి ఏనాడో మానేశారు. అది గనుక కాలిందా, మరో పాత పెట్టెను కోసి తెచ్చుకోవలసిందే!

ఇంకో సంగతి. ఈ పెట్టెకు చిన్న దీపమైనా లేదు. ఫ్యాను లేదు, చప్పుడు లేదు. స్విచ్ వేస్తే కరెంటు వచ్చిందో లేదో దాని ముఖం చూసి చెప్పలేం. అందుకే బతికున్నదాన్ని కూడా పోయిందనుకోవడం బహు సులభం.

షికాగో నుంచి బెజవాడకి

విజయవాడలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడి దగ్గర ఈ పెట్టె ఉంది. 1983లో వాళ్ళ పెదనాన్న షికాగో నుంచి వస్తూ తెచ్చారట. దాంతోపాటు వచ్చింది ‘కంబాట్’ అనే ట్యాంకుల యుద్ధం. ఒక్కరు ఆడే ఆట కాదు, ఇద్దరుండాల్సిందే. ఆ పెదనాన్న గారికి ఇప్పుడు డెబ్భై దాటాయి. వచ్చే సంక్రాంతికి ఇండియా వస్తూ, “ఒరేయ్, ఆ పెట్టె ఉందా? ఓ ఆట వేద్దాం” అని ఫోన్లో అడిగారు.

పెట్టె ఉంది. ఆడటం లేదు. ఒక షాపులో చూపిస్తే, “బోర్డు పోయింది బాబూ, పాత సామానుకి వేసెయ్” అని మూత కూడా తీయకుండానే తేల్చేశారు.

ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని నాకు తెలిసిన ఒక టీవీ మెకానిక్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. అరవై ఏళ్ళ మనిషి. బల్ల నిండా పాత టేప్ రికార్డర్లు. గల్ఫ్ నుంచి ఎవరో తెచ్చిన మల్టీ సిస్టమ్ టీవీ ఒకటి ఇంకా భద్రంగా దాచుకున్నారు. అది లేకపోతే మన పని అక్కడే ఆగిపోయేది. ఎందుకంటే అమెరికా పెట్టె పంపే బొమ్మ పద్ధతి వేరు, మన టీవీల పద్ధతి వేరు. పద్ధతి కలవక బొమ్మ గిరగిరా తిరుగుతుంటే ‘కరెంటు లేదు’ అని పెట్టెను నిందించేవాళ్ళున్నారు!

“మాస్టారూ, బోర్డు మార్చాలంటారా?” అన్నాడు కుర్రాడు బెంగగా.

“తొందరపడకు అబ్బాయీ! డిటెక్టివ్ సినిమాలో మొదటి రీల్లోనే హంతకుడు దొరుకుతాడా? గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి పోవాలి” అన్నారు మాస్టారు, మీటర్ చేతిలోకి తీసుకుంటూ.

మొదటి అనుమానితుడు: ఎలిమినేటరు

ఇప్పుడు మనం అడాప్టర్ అంటున్నాం గాని, మాస్టారి నోట ఇప్పటికీ ‘ఎలిమినేటరే’. పెట్టెతో వచ్చిన అమెరికా ఎలిమినేటరు మీద చీటీ చూశాం. తీసుకునేది 120 వోల్టులు, ఇచ్చేది 9 వోల్టుల డీసీ, 500 మిల్లీ ఆంపియర్లు. మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులు. మధ్యలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఎవరో తిన్నగా గోడకి గుచ్చేశారు. లోపలి తీగ చుట్ట కాలిపోయింది. మీటర్ పెడితే ముల్లు కదల్లేదు.

ఆ తర్వాత బజారులో ఒక ‘అన్నిటికీ సరిపోయే’ ఎలిమినేటరు కొని తగిలించారట. దాని మీట 12 వోల్టుల దగ్గరుంది!

“ఇదీ అసలు విలనీ!” అన్నారు మాస్టారు.

ఇక్కడ పాఠకులు మూడు సంగతులు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఒకటి వోల్టేజీ. చీటీ మీద ఎంతుంటే అంతే ఇవ్వాలి. రెండోది ఆంపియర్లు. ఇవి ఎక్కువున్నా భయం లేదు. పెళ్ళిలో గంగాళం నిండా సాంబారుందని మనం గంగాళమంతా తాగం గదా! పెట్టె కూడా తనకు కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతేనే చిక్కు. మూడోది ప్లస్సు, మైనస్సు. అటారీకి సన్నటి 3.5 మిల్లీమీటర్ల పిన్ను, దాని కొస ప్లస్సు. 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్‌కి గుండ్రటి పిన్ను, మధ్యలో మైనస్సు! దాని అమెరికా తమ్ముడు ఎన్.ఇ.ఎస్. అయితే ఏకంగా 9 వోల్టుల ఏసీ తీసుకుని లోపల డీసీగా మార్చుకుంటుంది. అన్నయ్యకి ఆ ఏర్పాటు లేదు. తమ్ముడి ఎలిమినేటరు అన్నయ్యకి పెడితే ఇక అంతే సంగతులు! పిన్ను దూరింది గదా అని కరెంటు ఇచ్చెయ్యకూడదు.

ఈ 3.5 మిల్లీమీటర్ల పిన్నుకి ఇంకో దుర్గుణం ఉంది. దూర్చేటప్పుడు, లాగేటప్పుడు ప్లస్సూ మైనస్సూ ఒక్క క్షణం కలిసిపోయే అవకాశం ఉంది. అందుకని ముందు పిన్ను పెట్టెకి గుచ్చి, ఆ తర్వాతే గోడ దగ్గర స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు గోడ, తర్వాత పెట్టె.

మాస్టారు తన దగ్గరున్న సరైన 9 వోల్టుల సప్లై తగిలించారు. టీవీలో అదే ముసురు... చుక్కలు, చుక్కలు!

“ఈ చుక్కల్ని చూస్తుండండి” అన్నారు నాతో. “పెట్టెలో బొమ్మ పంపే భాగానికి కరెంటు అందితే చుక్కలు పోయి తెర నల్లబడుతుంది. నల్లబడిందంటే కరెంటు వచ్చిందన్నమాట. దీపం లేని పెట్టెకి టీవీయే దీపం.”

విశ్రాంతి ముందు మలుపు

ఇక మూత తీశారు. పిన్ను గుచ్చుకునే సాకెట్ దగ్గర 9 వోల్టులు వచ్చాయి. స్విచ్ దాటాక చూస్తే సున్నా! నలభై ఏళ్ళ ధూళికి, తేమకి స్విచ్ లోపలి రేకులు నల్లబడిపోయాయి. అటారీల్లో ఇది మామూలు జబ్బే. కరెంటు తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ముప్ఫై సార్లు అటూ ఇటూ వేశారు. ఈసారి స్విచ్ దాటాక కూడా 9 వోల్టులు.

కుర్రాడి ముఖం వెలిగింది. తెర మాత్రం వెలగలేదు. అవే చుక్కలు!

తర్వాతి అనుమానితుడు 7805. ఇది మూడు కాళ్ళ బుల్లి రెగ్యులేటరు. చిప్పులకు 9 వోల్టులు పనికిరావు, 5 వోల్టులే కావాలి. వచ్చిన 9ని 5కి దించి, మిగిలిందాన్ని వేడిగా బయటికి వదలడం దీని ఉద్యోగం. పెట్టె అర ఆంపియరు తీసుకుందనుకోండి. 9 వోల్టులిస్తే 4 వోల్టుల మిగులు, అంటే 2 వాట్ల వేడి. 12 వోల్టులిస్తే 7 వోల్టుల మిగులు, 3.5 వాట్ల వేడి! పాపం, నలభై ఏళ్ళ ముసలిప్రాణం ఎన్ని గంటలు భరించిందో! అక్షరాలు మనవైపు పెట్టి కాళ్ళు కిందికి ఉంచితే ఎడమ కాలు రాబడి, నడిమిది మైనస్సు, కుడి కాలు పోబడి. ఎడమ కాలి దగ్గర 9. కుడి కాలి దగ్గర... ఒకటిన్నర కూడా లేదు!

“దొరికాడు!” అన్నాడు కుర్రాడు. “కొత్తది వేసెయ్యండి మాస్టారూ!”

“ఆగు! వీడు తనంతట తాను పోయాడా, లోపల ఇంకెవరైనా లాగేస్తుంటే కుదేలయ్యాడా?”

ఇదండీ అసలు క్లైమాక్సు! లోపల చిప్పులో షార్టు ఉంటే కొత్త రెగ్యులేటరు వేసీ లాభం లేదు. ఆ షార్టు టీఐఏలో ఉంటే సంక్రాంతి ఆట లేనట్టే. పారెయ్యమన్నవాళ్ళు వాళ్ళకు తెలియకుండానే నిజం చెప్పినట్టవుతుంది. మాస్టారు కరెంటు తీసేసి, పాత 7805ని ఊడదీసి, 5 వోల్టుల దారికీ మైనస్సుకీ మధ్య మీటర్ పెట్టారు. షార్టయితే బీప్ మంటుంది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

బీప్ రాలేదు!

కొత్త 7805 ఖరీదు పది ఇరవై రూపాయలు. హైదరాబాదు వాళ్ళయితే కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే దొరుకుతుంది. దాని వీపుకి వేడి లాగే పేస్టు రాసి, రేకుకి బిగించి, కాళ్ళకి టంకం వేశారు. వయసు మీరినవి గనుక పక్కనే ఉన్న పెద్ద కెపాసిటర్లను కూడా మార్చారు. అవి ఎండిపోతే బొమ్మ మీద అడ్డంగా చారలు పాకుతాయి, స్పీకర్లో ‘గుయ్’మని రొద వస్తుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకు ప్లస్సూ మైనస్సూ ఉంటాయి, తారుమారు చేస్తే పేలతాయి సుమా!

స్విచ్ వేశారు. మీటర్లో 5.02. చుక్కలు మాయం. తెర నల్లబడింది... కాని ఆట రాలేదు! కుర్రాడు మళ్ళీ డీలా పడ్డాడు. మాస్టారు మాత్రం నవ్వారు.

“కరెంటు కథ అయిపోయింది. ఇది మురికి కథ.”

క్యాసెట్ పళ్ళను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచారు. దూది నల్లగా వచ్చింది. మళ్ళీ గుచ్చి స్విచ్ వేస్తే రెండు ట్యాంకులు ఎదురెదురుగా నిలబడ్డాయి. మొదటి గుండు మాస్టారే పేల్చారు!

మీ అటక మీద ఏముంది?

అటారీ మన దగ్గర అరుదే. కాని 1990లలో మన ఊళ్ళలో పిల్లలు కాంట్రా, మారియో ఆడిన పెట్టెల్లో చాలావరకు ఫామికామ్‌కి నకళ్ళు. అవి ఎన్ని ఇళ్ళలో అటకెక్కి ఉన్నాయో! బయటికి తీస్తే ఈ వరస తప్పకండి. ముందు టీవీ, దాని చానెలు. తర్వాత ఎలిమినేటరు: వోల్టేజీ, ఏసీయా డీసీయా, కొస ప్లస్సా మైనస్సా. ఆపైన సాకెట్, స్విచ్, రెగ్యులేటరు, షార్టు పరీక్ష. చిప్పు మీద అనుమానం అన్నిటికంటే చివర. సాకెట్ కదిలిస్తే ఆట వచ్చిపోతోందంటే అక్కడ టంకం పగిలిందన్నమాట, మళ్ళీ అతికితే చాలు. గోడకి గుచ్చే ఎలిమినేటరును మాత్రం మీరు విప్పకండి. అందులో 230 వోల్టులుంటాయి. అది పోతే కొత్తది కొనుక్కోండి, ప్రాణం కొనుక్కోలేం.

మాస్టారు తీసుకున్న మజూరీ రెండొందలు. “పార్టుల ఖరీదు తక్కువే, ఓపిక ఖరీదే ఎక్కువ” అన్నారాయన.

అమెరికాలో పాతిపెట్టిన సరుకుని తవ్వి మ్యూజియంలో పెట్టడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. మన పాత సామాన్ల బండివాడికి వేసిన పెట్టెను తవ్వి తీసేవాడెవడూ ఉండడు. కాబట్టి గోనెసంచిలో వేసేముందు, ఒక్కసారి మీటర్ పెట్టి చూడండి!